దామోదర్ గారి ఫ్రెంచి బాతు

దామోదర్ గారితో మీరు ఏ విషయం మొదలుపెట్టినా సరే, చేతిలో టీ చల్లారేలోగా అది నీళ్ళమీద దిగే ఒక ఫ్రెంచి విమానం దగ్గరికి చేరుతుంది. పప్పులో ఉప్పు తక్కువైందన్నా అంతే, నివాస పర్మిట్ ఇఖామా రెన్యువల్ కాలేదన్నా అంతే. ఒకసారి సౌదీ అరేబియా ధహ్రాన్‌లో ఎవరో పన్ను నొప్పితో బుగ్గ పట్టుకుని కూర్చుంటే పరామర్శకి వెళ్ళారు. "పన్ను కదులుతోందా? ఆ విమానానికీ ఇదే బాధండీ, ఉప్పునీళ్ళకి చక్రాల బోల్టులు కదిలిపోయేవి" అంటూ గంటసేపు చెప్పొచ్చారు. రోగి నొప్పి మరిచిపోయి నిద్రపోయాడని దామోదర్ గారి వర్గం, స్పృహ తప్పాడని ఎదుటి వర్గం.

ఆ విమానం రెండు ప్రపంచ యుద్ధాల నడుమ ఫ్రెంచి నౌకాదళం కోసం ప్రయోగంగా తయారైందట. కింద పడవ, పైన రెండంతస్తుల రెక్కలు, వాటి మధ్య వెనక్కి తిరిగి ఉన్న ఇంజను, పడవకి అటూ ఇటూ చేత్తో తిప్పి ఎత్తే చక్రాలు. ముక్కు దగ్గర తుపాకీ పట్టుకునే సైనికుడు కూర్చోడానికి మూతలేని గుంట. నేలమీదా దిగుతుంది, నీళ్ళమీదా దిగుతుంది. పడవ బరువుకి గాల్లో ఆయాసం, చక్రాల బరువుకి నీళ్ళలో ఆయాసం. నౌకాదళం వాళ్ళు వచ్చి చూసి, చాలా బాగుందని మెచ్చుకుని, కొనకుండా వెళ్ళిపోయారు. ఒక్కటంటే ఒక్కటే తయారైంది. దాని పేరు రాయడానికి బోలెడు అక్షరాలు కావాలి గాని పలికేటప్పుడు సగం ఫ్రెంచివాళ్ళే మింగేస్తారట. కంపెనీ ఇళ్ళుండే కాంపౌండులో తెలుగువాళ్ళకి అంత మింగుడు చేతకాక దాన్ని 'బాతు' అనేశారు.

"బాతేమిటండీ? అది యుద్ధ విమానం!" అనేవారు దామోదర్ గారు.

"ఎన్ని యుద్ధాలు చేసిందండీ?"

"ఒక్కటీ చెయ్యలేదు. అదేగా దాని గొప్ప!"

ఇలాంటి విమానాలు నడిపేవాళ్ళు చేసే పెద్ద పొరపాటు ఒకటుందట. చక్రాలు కిందికి దించి ఉన్న సంగతి మరిచిపోయి నీళ్ళమీద దిగడం. ముక్కు నీళ్ళలో దిగబడి విమానం తలకిందులైపోతుంది. అందుకని సెలవు మీద ఊరెళ్ళేవాణ్ణీ, తిరిగొచ్చినవాణ్ణీ దామోదర్ గారు అడిగే ప్రశ్న ఒక్కటే. "చక్రాలు చూసుకున్నావా?" ఇంటికెళ్ళి ఆఫీసరులా ఉండకు, ఇక్కడికొచ్చి కొత్తల్లుడిలా ఉండకు అని దానర్థం.

ఆయన ఉద్యోగం ఒక కాంట్రాక్టు కంపెనీలో పైపుల తుప్పు తనిఖీ చెయ్యడం. ఇంట్లో పని బాతు నమూనా కట్టడం. భోజనాల బల్ల ఎంత పొడుగుందో బాతు రెక్కలూ అంతే. ఆ బల్లమీద ఎవరైనా భోంచేసినట్టు కాంపౌండు చరిత్రలో లేదు. వచ్చినవాళ్ళకి కింద తివాచీ మీద పాత పేపరు, పేపరు మీద కంచం. హైదరాబాదులో బ్యాంకు ఉద్యోగం చేసుకుంటున్న ఆయన భార్య బాలామణి గారు ఫోన్ చేసి, "భోంచేశారా? మా సవతి క్షేమమేనా?" అని ఒక్క గుక్కలో అడిగేవారు.

ఉదయ్‌కిరణ్ రెండువేల ఆరులో ఈ కాంపౌండుకి వచ్చాడు. కాకినాడ వాడు, ఇన్‌స్ట్రుమెంటేషన్ ఇంజనీరు. పెళ్ళయింది, రిషిత అని రెండేళ్ళ పాప ఉంది, అయినా కంపెనీ లెక్కలో బ్యాచిలర్. గల్ఫులో భార్య పక్కన లేనివాడు ముగ్గురు పిల్లల తండ్రయినా బ్యాచిలరే. ఏడాది నిండితే గాని ఫ్యామిలీ వీసాకి దరఖాస్తు పెట్టనివ్వరు.

పనిరోజులు ఎలాగో గడిచేవి. గురువారం, శుక్రవారం సెలవులొచ్చేసరికి గుండెలో రాయి పడేది. శుక్రవారం మధ్యాహ్నం నమాజుకి దుకాణాలన్నీ మూసేస్తే రోడ్డుమీద ఎండ తప్ప ఇంకేమీ మిగిలేది కాదు. గదిలో ఏసీ మాట్లాడేది, అతను వినేవాడు. ఒక గురువారం అమూల్య ఫోన్లో నవ్వుతూ చెప్పింది, రిషిత ఇప్పుడు ఫోను మోగినా మోగకపోయినా దాన్నే 'నాన్న' అంటోందట, దుప్పటి కూడా కప్పుతోందట. ఉదయ్‌కిరణ్ కూడా నవ్వాడు. ఫోను పెట్టేశాక వెక్కి వెక్కి ఏడ్చాడు. వీసా లేదు, గీసా లేదు, శనివారం ఆఫీసు తెరవగానే మేనేజరుకి చెప్పేసి, ఉద్యోగం వదిలేసి ఎగ్జిట్ వీసా మీద ఇంటికి పోవాలని తీర్మానించుకున్నాడు. ముఖం కడుక్కుంటుంటే బెల్లు మోగింది.

గుమ్మంలో లుంగీ కట్టుకుని, చొక్కా జేబులో స్క్రూడ్రైవరుతో ఒక పెద్దాయన నిలబడి ఉన్నాడు.

"కొత్తగా దిగింది నువ్వేనా?"

"అవునండి."

"చేతులు వణకవు కదా?"

"ఎందుకండి?"

"ఏం లేదు, ఒక్క పది నిమిషాలు రెక్క పట్టుకోవాలి."

కోడిని కోస్తున్నారేమో అనుకుని ఉదయ్‌కిరణ్ వెంట వెళ్ళాడు. తీరా చూస్తే చెక్క రెక్క. దాన్ని పడవ వీపు మీద ఆనించి, తెల్ల జిగురు పూసి, అతని రెండు చేతులూ తెచ్చి దాని కింద పెట్టి, "కదిలావో, ఫ్రాన్సు పరువు పోతుంది" అన్నారు దామోదర్ గారు.

పది నిమిషాలు పోయాయి, మరో పది పోయాయి. ముక్కు దురద పెట్టింది. దామోదర్ గారు తన రుమాలుతో ఆ ముక్కు రుద్ది, వంటింట్లోకి వెళ్ళి ఉప్మా తెచ్చారు.

"ఎలా తినను సార్? చేతులు ఖాళీ లేవు."

"నోరు ఖాళీయే కదా!"

ఉల్లిపాయలూ జీడిపప్పూ వేసిన వేడి వేడి ఉప్మా చెంచాతో నోట్లో పెడుతుంటే ఉదయ్‌కిరణ్‌కి సిగ్గేసింది, తర్వాత ఆకలేసింది, ఆ తర్వాత కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఊహ తెలిశాక అతనికి అమ్మ తప్ప ఎవరూ తినిపించలేదు.

"పచ్చిమిరపకాయ తగిలిందా?" అన్నారు దామోదర్ గారు ఎటో చూస్తూ.

"అవును సార్."

"ఇంటి దగ్గర పాపుందటగా, ఏమంటోంది?"

"ఫోన్ని నాన్న అంటోంది సార్."

"నయం. మావాడు చిన్నప్పుడు నన్ను సౌదీ అనేవాడు. నేను గుమ్మంలో పెట్టె దించగానే 'అమ్మా, సౌదీ వచ్చాడు' అని లోపలికి పరిగెత్తాడు."

ఇద్దరూ పగలబడి నవ్వారు. రెక్క కదిలింది. మళ్ళీ జిగురు పూశారు.

గోడమీద పాత పత్రికలోంచి కత్తిరించిన ఫొటో ఒకటి ఉంది. ఒడ్డు దగ్గర బాతు, నడుం లోతు నీళ్ళలో నిలబడి దాని రెక్క చివర పట్టుకున్న ఒక మీసాల మనిషి.

"నీళ్ళమీంచి ఒడ్డుకొచ్చిన విమానాన్ని ఎవరో ఒకరు అలా పట్టుకోవాలయ్యా. లేకపోతే గాలికి మళ్ళీ లోపలికి కొట్టుకుపోతుంది. నడిపినవాడి పేరు రాశారు, కట్టినవాడి పేరు రాశారు. ఈయన పేరు ఎక్కడా లేదు. ఎంత వెతికానో! చూడు, మీసాలు కూడా తడిశాయి పాపం."

శుక్రవారం సాయంత్రం ఉదయ్‌కిరణ్ సంగతి చెప్పేశాడు. "సార్, నేను ఎగ్జిట్ మీద వెళ్ళిపోదామనుకుంటున్నాను. రేపు మేనేజరుని అడుగుతాను."

"శుభ్రంగా వెళ్ళు. ఎవరు వద్దన్నారు? ఎడమ రెక్క అతికించాం, కుడిది ఉంది. దాన్ని ఒంటి రెక్కతో వదిలేసి పోతానంటే నీ ఇష్టం."

కుడి రెక్క అయ్యాక పోదామనుకున్నాడు ఉదయ్‌కిరణ్. కుడిది అతికిన వారానికి ఎడమది ఊడింది. ఎడమది సరిచేస్తే తోక ఊడింది. ప్రతి గురువారం బెల్లు మోగడం, "ఒక్క పది నిమిషాలు" అనడం, అది శుక్రవారం మధ్యాహ్నం భోజనం దాకా సాగడం.

"మీ జిగురు మంచిది కాదు సార్."

"జిగురుదేం తప్పు లేదు. గాల్లో తేమ."

"ఎడారిలో తేమేంటి సార్?"

"సముద్రం పక్కన ఎడారయ్యా ఇది! వేసవిలో అద్దాలు చెమటలు పట్టడం నువ్వు చూడలేదూ?"

చలికాలం వచ్చింది. బాతు ఎలాగో ఒక్క వారం ఊడకుండా నిలబడింది. దామోదర్ గారికి ఉత్సాహం వచ్చి హాఫ్ మూన్ బే బీచికి తీసుకెళ్ళి నీళ్ళలో దించుదామన్నారు. కాంపౌండులో మెయింటెనెన్స్ పని చూసే పీరయ్య పికప్ తెచ్చాడు. పీరయ్యది జగిత్యాల. నోరు తక్కువ, నవ్వు ఎక్కువ.

ఆ రోజుల్లో బాంబుల భయంతో కాంపౌండు గేట్ల దగ్గర కారు కింద కూడా అద్దం పెట్టి చూసేవారు. ఉదయ్‌కిరణ్ దారి పొడుగునా బతిమాలాడు. "సార్, ఎవరైనా అడిగితే పిల్లల బొమ్మ అని చెప్పండి. మీకు దణ్ణం పెడతాను."

సముద్రం దగ్గర పెట్టె తెరిచారో లేదో, తీరం కాపలా జవాను ఒకడు జీపు దిగి వచ్చాడు. "ఎష్ హాదా?" ఏమిటిది అని అడిగాడు.

"బొమ్మ" అన్నాడు ఉదయ్‌కిరణ్.

దామోదర్ గారికి ఒళ్ళు మండింది. "బొమ్మేమిటి?" అని కసిరి, జవాను వైపు తిరిగి ఛాతీ విరుచుకుని, "తయ్యారా హర్బియ్యా!" అన్నారు. యుద్ధ విమానం అని అరబ్బీలో.

"అయిపాయె సార్" అన్నాడు పీరయ్య. "ఇగ ముగ్గురం జైల్లనే."

జవాను చెయ్యి వైర్‌లెస్ మీదికి వెళ్ళింది. ఉదయ్‌కిరణ్ కళ్ళముందు రిషిత ఫోనుకి దుప్పటి కప్పడం మెదిలింది. ఇంటికి వెళ్తే ఎగ్జిట్ మీద వెళ్ళాలనుకున్నాడు గాని ఇలా కాదు. దామోదర్ గారు మాత్రం వచ్చీరాని అరబ్బీలో రెక్కలు చూపించారు, చక్రాలు తిప్పి చూపించారు, ఫ్రెంచివాళ్ళు మెచ్చుకుని కొనకుండా వెళ్ళిపోయిన వైనం అభినయించి చూపించారు. జవాను వైర్‌లెస్ మీంచి చెయ్యి తీశాడు.

"ఇది నిజంగా తేలుతుందా?"

"ఎవరైనా రెక్క పట్టుకుంటే తేలుతుంది" అని దామోదర్ గారు అతని బూట్ల వైపు చూశారు.

జవాను అటూ ఇటూ చూసి, బూట్లు విప్పి, ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి నీళ్ళలో దిగాడు. పేరు అబ్దుల్ ఘనీ అట. ఊరు ఉనైజా, తండ్రికి ఖర్జూరం తోట. ఉద్యోగంలో చేరేదాకా సముద్రమే చూడలేదనీ, సాయంత్రమైతే ఇక్కడ ఏమీ తోచదనీ రెక్క పట్టుకుని చెప్పుకొచ్చాడు. దామోదర్ గారు తాడు కట్టి బాతుని లాగారు. బాతు హుందాగా నాలుగు బారలు వెళ్ళింది. తర్వాత ముక్కు ముంచి, తోక పైకెత్తి, బోర్లాపడిపోయింది.

అందరూ నోళ్ళు తెరిచారు. ముందుగా తేరుకున్నది ఉదయ్‌కిరణే. "సార్, చక్రాలు చూసుకున్నారా?"

ఊళ్ళో అందరి చక్రాలూ చూసే మనిషి తన బాతు చక్రాలు ఎత్తడం మరిచిపోయారు! నానిన జిగురంతా వదిలేసి బాతు ముక్కలు ముక్కలైంది. మొదటినించీ మళ్ళీ మొదలు. అప్పుడప్పుడు అబ్దుల్ ఘనీ గేటు దగ్గర ఖర్జూరాల డబ్బా ఇచ్చి, "తయ్యారాకి ఎలా ఉంది?" అని చుట్టాన్ని అడిగినట్టు అడిగి వెళ్ళేవాడు.

రెక్కలూ తోకా మధ్య ఏడాది ఎలా నిండిందో ఉదయ్‌కిరణ్‌కి తెలియనే లేదు. ఫ్యామిలీ వీసా వచ్చిన సాయంత్రం ఆ మాట ముందు దామోదర్ గారికే చెప్పాలని పరుగున వెళ్ళాడు. వంటింటి కిటికీ తెరిచి ఉంది. లోపల కెటిల్ పొగలు కక్కుతోంది. దామోదర్ గారు బాతు ఎడమ రెక్క అతుకుని ఆ ఆవిరికి పట్టి, అటూ ఇటూ ఆడిస్తూ, నొప్పెడుతుందేమో అన్నంత మెల్లగా ఊడదీస్తున్నారు.

ఉదయ్‌కిరణ్ కొయ్యబారిపోయాడు. బయట ఏసీ బాగుచేస్తున్న పీరయ్య చూసి నవ్వాడు.

"ఏంది సార్, గట్ల జూస్తున్నరు?"

"ఆయనే ఊడదీస్తున్నారు పీరయ్యా!"

"మరి దానంతల అదే ఊడుతదా సార్? బిగించే క్లాంపులు, చిటికెల అంటుకునే జిగురు, అన్ని అల్మార్ల వెట్టి తాళమేసిండు. నేనే కొనుక్కచ్చిచ్చిన."

"మరి ఇదంతా ఎందుకు?"

"రేపు కొత్త డాక్టరు దిగుతుండట. బ్యాచిలరు."

పీరయ్య స్క్రూ బిగిస్తూ మెల్లగా అన్నాడు. "నేనచ్చిన యేడు మా చిన్నవ్వ సచ్చిపోయింది సార్. నన్ను పెంచిందే ఆమె. కంపినోళ్ళు పోనియ్యలే. అప్పుడు నెల దినాలు తోక పట్టుకున్న. రెక్కలు ఇంజనీర్లకట, నాకు తోక ఇచ్చిండు."

ఉదయ్‌కిరణ్ వెనక్కి నడిచి, కాంపౌండు చుట్టూ తిరిగొచ్చి, కెటిల్ చల్లారే వ్యవధి ఇచ్చి, అప్పుడు బెల్లు కొట్టాడు. వీసా సంగతి విని దామోదర్ గారు అతన్ని కావలించుకున్నారు. "ఆ విమానంలో కూడా పైలట్ పక్కన ఇంకో సీటు ఉండేదయ్యా!" అని మొదలుపెట్టి, "అన్నట్టు ఎడమ రెక్క మళ్ళీ ఊడింది. అంతా తేమ" అన్నారు. ఉదయ్‌కిరణ్ అవునన్నట్టు తలూపాడు.

అమూల్యా రిషితా వచ్చారు. ఎయిర్‌పోర్టులో రిషిత అతన్ని ఎగాదిగా చూసి, జేబులో ఫోను కనబడ్డాకే నాన్న అని ఒప్పుకుంది. తర్వాత గురువారానికల్లా బాతు ముక్కు దగ్గర గుంటలో తన ప్లాస్టిక్ బొమ్మని కూర్చోబెట్టింది. "ఈ సీటులో సైనికుడు పాపం ఎప్పుడూ ఒంటరిగా కూర్చునేవాడు తల్లీ" అని దామోదర్ గారు చాలా సంతోషించారు.

రెండువేల తొమ్మిదిలో ఆయనకి రిటైర్మెంటు వచ్చింది. కంపెనీ కేకు కోసింది. బాలామణి గారు ఫోన్లో తేల్చి చెప్పారు. "మీకు చోటుంది. దానికి లేదు." బాతు ఉదయ్‌కిరణ్ ఇంటికి చేరింది.

ప్రయాణం రోజు ఉదయం ఉదయ్‌కిరణ్ టీ తీసుకుని వెళ్ళాడు. ఖాళీ హాల్లో రెండు పెట్టెల మధ్య దామోదర్ గారు కూర్చుని ఉన్నారు. టీ తాగారు. "టీ బాగుందయ్యా" అన్నారు. అంతే. టీ దగ్గరే ఆగిపోయారు. ఉదయ్‌కిరణ్‌కి భయమేసింది.

"బాలామణి గారు ఎదురుచూస్తుంటారు కదా సార్."

"చూస్తుంది. పొద్దున్నే బ్యాంకుకి పోతుంది, సాయంత్రం వస్తుంది. ఇన్నేళ్ళూ నేను ఏడాదికో నెల చుట్టపుచూపుగా వెళ్ళొచ్చినవాణ్ణే. ఆ అపార్ట్‌మెంటులో ఏ తలుపు కొట్టాలో కూడా నాకు తెలీదయ్యా."

ఉదయ్‌కిరణ్ లేచి ఇంటికి వెళ్ళాడు. కెటిల్ పెట్టాడు. "అయ్యో, గట్టిగా ఉన్నదాన్ని ఎందుకండీ ఊడబీకుతున్నారు?" అంది అమూల్య. "నువ్వు కాస్త ఉప్మా చెయ్యి" అన్నాడు. బాతునీ, ఊడిన రెక్కనీ మోసుకుని మళ్ళీ ఆ ఖాళీ హాల్లోకి వచ్చాడు.

"సార్, ఎడమ రెక్క ఊడిపోయింది. ఒక్క పది నిమిషాలు పట్టుకుంటారా?"

దామోదర్ గారు జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకున్నారు. అతుకు మీద వేలు రాసి చూశారు.

"కెటిల్ మరీ దగ్గరగా పెట్టావు. చెక్క ఉబ్బింది. జానెడు దూరం ఉండాలి."

"ఈసారి చూసుకుంటాను సార్."

"ఎప్పణ్ణించి తెలుసు?"

"వీసా వచ్చిన రోజు నించి."

"మరి తర్వాత కూడా ఎందుకు పట్టుకున్నావు?"

"ఉప్మా బాగుండేది సార్."

దామోదర్ గారు నవ్వబోయి, ముక్కు చీది, నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చుని రెండు చేతులూ చాచారు. ఉదయ్‌కిరణ్ జిగురు పూసి రెక్క ఆనించాడు. అమూల్య ఉప్మా తెచ్చింది. ఉదయ్‌కిరణ్ చెంచాతో ఆయన నోట్లో పెట్టాడు. ఆయన బుద్ధిగా నమిలారు.

పీరయ్య వచ్చి పెట్టెలు ఎత్తాడు. "సార్, టైమైతంది. ఫ్లైటు పోతది."

"ఆగవయ్యా, జిగురు ఆరాలి!" అని కసిరి, రెండో చెంచా మింగి దామోదర్ గారు తల పంకించారు. "అమ్మా అమూల్యా, ఉప్పు తక్కువేశావు. మంచిదే. ఉప్పు అన్నదే శత్రువమ్మా, ఆ విమానం చక్రాల బోల్టులకి..."

పీరయ్య పెట్టెలు కింద పెట్టి తనూ కూర్చున్నాడు. బోల్టుల కథ చక్రాల మీదుగా ఇంజను దాకా నడిచింది. ఎయిర్‌పోర్టుకి పికప్‌ని పీరయ్య ఎలా తోలాడో అతనికే తెలియాలి.

కొన్ని వారాల తర్వాత హైదరాబాదు నుంచి బాలామణి గారు ఫోన్ చేశారు.

"ఏమయ్యా ఉదయ్, మీ సారు భోజనాల బల్లమీద ఇంకోదాన్ని మొదలుపెట్టారు. నేను కింద కూర్చుని తింటున్నాను. అది సరే, ఎదురు ఫ్లాట్ ఆయన, పాపం భార్య పోయినాయన, ఈయన వచ్చినప్పట్నించీ మా ఇంట్లో రెక్క పట్టుకుని కూర్చుంటున్నాడు. ఈయన ఉప్మా తినిపిస్తున్నారు. అసలు ఎప్పటికి అతుక్కుంటుందయ్యా అది?"

ఉదయ్‌కిరణ్ నవ్వు ఆపుకున్నాడు.

"కాస్త టైము పడుతుందండి. గాల్లో తేమ."

"హైదరాబాదులో తేమేమిటయ్యా?" అన్నారు బాలామణి గారు.